ముత్యాల హారతి ఎవరి పేరు మీద ఇస్తారో తెలుసా?

పోయిన వీడియోలో తిరుమల ఏకాంత సేవ గురించి చెప్పుకున్నాం కదా. రాత్రి స్వామివారికి జరిగే చివరి సేవ అది. తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి అంటారు. లాలి అన్నమయ్య వంశం వారిదని చాలామందికి తెలుసు. ముత్యాల హారతి మాత్రం తరిగొండ వెంగమాంబ గారి పేరు మీద ఇస్తారు. కొండ మీద మనం భోంచేసే నిత్యాన్నదాన భవనానికి ఉన్నదీ ఆవిడ పేరే.

టైమ్ సరిపోక వీడియోలో ఒక విషయం వదిలేశాను. వెంగమాంబ బాల వితంతువు. 1817లో పరమపదించారు. ఆ కాలంలో భర్త పోయిన ఆడపిల్లకి తల గొరిగించి, బొట్టు చెరిపేసి, ఓ మూల కూర్చోబెట్టేవాళ్లు. ఆవిడ ఒప్పుకోలేదు. నా భర్త వేంకటేశ్వరుడు, ఆయన ఉండగా నేను వితంతువునెలా అవుతానని ఎదురడిగారట. బొట్టు, పూలు తియ్యలేదు. ఊళ్లో నానా మాటలూ పడ్డారు. మదనపల్లెలో రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి గారిని గురువుగా చేసుకున్నారు. తర్వాత కొండ చేరి అక్కడే ఉండిపోయారు. వేంకటాచల మహాత్మ్యం, ద్విపద భాగవతం ఆవిడ రాసినవే.

అంటే ఏడుకొండలవాడు రోజూ నిద్రపోయే ముందు హారతి అందుకునేది, లోకం వితంతువన్న ఒక మనిషి పేరు మీద. మరి మన ఇళ్లల్లో?

మా పిన్ని సంగతి చెప్తాను. బాబాయి పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఉద్యోగం చేసి చదివించింది. పెద్దదాని పెళ్లికి హాల్ అడ్వాన్స్ దగ్గర్నుంచి అప్పడాల దాకా అన్నీ తనే చూసుకుంది. తీరా ముహూర్తం టైమ్‌కి కన్యాదానం వేరే దంపతులు చేశారు. మంగళ హారతికి "ముత్తైదువలు రండమ్మా" అన్నారు. పిన్ని స్తంభం వెనక్కి వెళ్లిపోయింది. ఆవిణ్ణి ఎవరూ వెళ్లమనలేదు, అదే బాధ. నేనూ అక్కడే ఫోన్‌లో వీడియో తీస్తూ నిలబడ్డాను.

"శాస్త్రం ఒప్పుకోదు కదా" అంటారు. నిజమే, వితంతువులకి కఠినమైన నియమాలు పెట్టిన స్మృతులు ఉన్నాయి. లేవని బుకాయించడం నాకిష్టం లేదు. కానీ వాల్మీకి రామాయణం యుద్ధకాండ చివర పట్టాభిషేకం ఘట్టం తెరిచి చూడండి. దశరథుడు పోయి అప్పటికి పద్నాలుగేళ్లు. అయినా ఆ శుభకార్యానికి సీతమ్మని స్వయంగా అలంకరించింది దశరథుడి భార్యలే. వానరుల భార్యల్ని అలంకరించింది కౌసల్య, అదీ ఎంతో సంతోషంగా. "మీరు పక్కకి జరగండి" అని అక్కడ ఎవరూ అనలేదు. ఏటా శ్రీరామనవమికి ఇంటింటా పట్టాభిషేకం ఫోటోకి దండ వేస్తాం, ఈ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు.

చట్టం దారి ఎప్పుడో వేసింది. వితంతు వివాహ చట్టం 1856లోనే వచ్చింది. 1881 డిసెంబర్‌లో వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. అయితే పసుపు కుంకుమలు, వాయనం, హారతి పళ్లెం... వీటికి చట్టం ఏం చేస్తుంది? ఇవి ఇంట్లో వాళ్లే మార్చాలి. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊరి పంచాయతీ 2022లో, భర్త పోయినప్పుడు గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం మానేద్దామని తీర్మానం చేసింది. ఒక ఊరు ఊరంతా ఒప్పుకున్నప్పుడు ఒక ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్ ఒప్పుకోదా? (మా గ్రూప్‌లో ముగ్గురు ఎగ్జిట్ అయ్యారు, అది వేరే కథ.)

పిన్ని రెండో కూతురి పెళ్లికి నెల ముందే పంతులుగారి దగ్గరికెళ్లి అడిగాం. ఆయన కాసేపు ఆలోచించి, "తల్లి కంటే మంగళం ఏముందమ్మా, ఇప్పించండి" అన్నారు. నిజానికి ఆయన్ని ఒప్పించడం కంటే పిన్నిని ఒప్పించడమే కష్టమైంది. "నా వల్ల పిల్లకి ఏమన్నా అయితే?" అని ఒకటే భయం.

ఆ రోజు పిన్ని చేతులు వణుకుతూనే హారతి పట్టింది. సగంలో కర్పూరం ఆరిపోయింది. హాలంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. పంతులుగారు పైకి చూసి, "ఎవరు నాయనా, ముందా ఫ్యాన్ ఆపండి" అని మళ్లీ వెలిగించారు.