చేయి తిరగని మెకానిక్కు – వాహనదారుని బాధ్యత

"నీమ్ హకీమ్ ఖతర-ఎ-జాన్" అని ఉర్దూలో ఒక సామెత కలదు. సగం నేర్చిన వైద్యుని వలన ప్రాణానికి ముప్పు అని దాని భావం. తెలుగువారు ఇదే అంశాన్ని మరొక విధంగా చూచి "వేయిమందిని చంపినవాడు అరవైద్యుడు" అన్నారు. ఎన్నో పొరపాట్లు చేసినగాని సగం వైద్యం కూడా పట్టుబడదని ఇందలి వ్యంగ్యం. మొదటి సామెత రోగి భయాన్ని తెలుపగా, రెండవది నేర్చుకొనువాని కష్టాన్ని తెలుపుచున్నది. మోటారు వాహనాలు బాగుచేయు షెడ్డుకు వెళ్ళినపుడు ఈ రెండింటినీ గుర్తుంచుకొనుట అవసరం.

మన కందుకూరు హైదరాబాదు–శ్రీశైలం రహదారి మీద ఉన్నది. 2008లో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైన పిమ్మట ఈ ప్రాంతంలో టాక్సీలు, సొంత కార్లు మిక్కిలి పెరిగినవి. వాటితోపాటు దారి పొడవునా మరమ్మతు షెడ్డులు వెలసినవి. ప్రతి షెడ్డులోను ఒక ఉస్తాదు, ఆయన వద్ద పని నేర్చుకొను ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు ఉంటారు. మన వాహనం మీద ముందుగా చేయి వేయునది సాధారణంగా ఆ కుర్రవాళ్ళే.

ఇక్కడ నా స్వానుభవం ఒకటి చెప్పుట అప్రస్తుతం కాదు. ఒకప్పుడు మా కారు ఉదయం పూట స్టార్టు కాకుండెను. నేను షెడ్డుకు పోయి, "బ్యాటరీ పోయినది, మార్చు బాబూ" అన్నాను. ఉస్తాదు ఊరిలో లేడు. ఉన్న కుర్రవాడు మారు మాటాడక కొత్త బ్యాటరీ బిగించినాడు. నాలుగు రోజులకు మరల అదే కథ. అప్పుడు ఉస్తాదు వచ్చి, ఇంజను నడుచుచుండగా బ్యాటరీకి మీటరు పెట్టి చూచినాడు. సుమారు 14 వోల్టులు చూపవలసిన ముల్లు 12 దాటలేదు. ఆల్టర్నేటరు బెల్టు వదులైనందున బ్యాటరీకి చార్జింగే అందుట లేదు. బెల్టు బిగించుట పావుగంట పని. కుర్రవాని మీద కోపం వచ్చిన మాట నిజమే. కాని ఆలోచింపగా, రోగం పేరు చెప్పినది నేను, మందు వేసినది అతడు. "ముందు పరీక్షించి చూతము" అని నాతో అనుటకు అతనికి ధైర్యం చాలలేదు.

దీనినుండి నేను గ్రహించిన సత్యం ఒక్కటే. తెలియకపోవుట కంటె, తెలియదని చెప్పలేకపోవుట ఎక్కువ ప్రమాదకరం. బోల్టు విరిగినందుకు చెంపదెబ్బ తిన్న కుర్రవాడు, మరునాడు విరిగిన బోల్టును దాచివేస్తాడు. అట్లు దాచిన లోపం షెడ్డులో కనబడదు. శ్రీశైలం ఘాటు దిగునపుడు బయటపడుతుంది.

బ్రేకు ఆయిలునే ఉదాహరణగా తీసుకొందము. అది గాలిలోని తేమను పీల్చుకొను స్వభావం కలది. డాట్ 3 రకపు ఆయిలు కొత్తదైనచో కనీసం 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరుగరాదని ప్రమాణం. తేమ పట్టిన పిమ్మట ఈ హద్దు 140 డిగ్రీలకు దిగుతుంది. ఘాటు రోడ్డు మీద పదే పదే బ్రేకు తొక్కినపుడు వేడికి అది మరిగి ఆవిరి బుడగలు ఏర్పడును. అప్పుడు పెడలు నేలకంటును గాని బండి ఆగదు. ఇక బ్రేకు డబ్బాలో పొరపాటున ఇంజను ఆయిలు పోసినచో లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడగును. డబ్బా మీది అక్షరాలు చదువలేని కుర్రవానికి ఈ పొరపాటు జరుగుట ఎంతసేపు?

అనుభవలేమి కుర్రవాళ్ళకే పరిమితం కాదు. కార్బురేటరు విప్పుటలో ఆరితేరిన ఉస్తాదు సైతం నేటి ఎలక్ట్రానిక్ ఇంజను ముందు కొత్త విద్యార్థియే. స్కానరు చూపు కోడు లోపమున్న సర్క్యూటును సూచించునే గాని, ఫలానా భాగం మార్చుమని ఆజ్ఞాపించదు. వైరు, ప్లగ్గు పరీక్షింపక సెన్సారు మార్చుట అరవైద్యమే.

కావున వాహనదారుడు పాటింపవలసిన నియమాలు కొన్ని:

1. రోగం పేరు కాక లక్షణాలు చెప్పవలెను. ఎప్పుడు, ఏ వేగంలో, ఎటువంటి శబ్దం వచ్చుచున్నదో వివరించవలెను.

2. చేయబోవు పనిని, అంచనా ఖర్చును కాగితం మీద వ్రాయించుకొనవలెను. అడుగనిదే కొత్త భాగం వేయరాదని ముందే చెప్పవలెను.

3. ఇంజను ఆయిలు, ఎయిర్ ఫిల్టరు మార్చుట వంటివి ఉస్తాదు కనుసన్నలలో కుర్రవాడు చేయవచ్చును. బ్రేకులు, స్టీరింగు, చక్రాల పనిని మాత్రం ఉస్తాదు స్వయంగా సరిచూచినగాని బండి కదల్చరాదు.

4. చక్రం నట్టులను వరుసగా కాక, ఎదురెదురు నట్టులను ఎంచి బిగింపవలెను. కొంత దూరం నడిచిన పిమ్మట మరల పానా పట్టి చూడవలెను.

5. తీసిన పాత భాగాలను, బిల్లును అడిగి తీసుకొనవలెను. 2020 జూలై నుండి అమలులోనున్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవాలోపంపై జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. దానికి బిల్లే ఆధారం.

6. కుర్రవానిని "అరే" అని గద్దింపక, "తమ్ముడూ, తెలియకపోతే ఉస్తాదును అడుగు, నేను ఆగుతాను" అనవలెను. మనము చూపు తొందరయే పెక్కు పొరపాట్లకు మూలం.

అయితే పద్నాలుగేండ్లు నిండని బాలుని పనిలో పెట్టుకొనుట ఓర్పుతో సరిపెట్టుకొనదగిన విషయం కాదు. అది చట్టరీత్యా నేరం. ఆ బాలుని స్థానం పాఠశాల.

పదవ తరగతి చదివినవారికి ఐ.టి.ఐ.లలో మోటారు వెహికిల్ మెకానిక్కు శిక్షణ రెండేండ్లు లభించును. 1961 నాటి అప్రెంటిస్ చట్టం క్రింద పని చేయుచు, భృతి పొందుచు నేర్చుకొనవచ్చును. ఈ మార్గాలు షెడ్డులోని కుర్రవాళ్ళకు ఎవరో ఒకరు చెప్పవలెను. చదువుకొన్న మనము గాక మరెవరు చెప్పగలరు?

విద్యార్థి మిత్రులారా! ఏ ఆయిలు ఏ డబ్బాలో పోయవలెనో, ఏ నట్టును ఏ క్రమంలో బిగింపవలెనో తెలుగు, ఉర్దూ లిపులలో బొమ్మలతో ఒక గోడపత్రం తయారుచేసి ఊరిలోని ప్రతి షెడ్డుకు ఇచ్చుట మన చేతిలోని పని. అనుభవజ్ఞుడైన ఉస్తాదుచే సరిచూపించి దానిని అచ్చువేయించుటకు కళాశాల కమిటీ పెద్దలు తోడ్పడవలెనని ప్రార్థన. నేడు ఆ గోడపత్రం చూచి నేర్చుకొన్న కుర్రవాడు రేపు మరొకనికి ఉస్తాదు కాగలడు. అతడు బిగించిన చక్రాల మీదనే మన ఇంటివారు ప్రయాణింతురు.