ప్యాచ్ చాలా, అప్‌గ్రేడ్ కావాలా?

కాప్రా, ఉప్పల్, నాచారం మీసేవ నిర్వాహకులకు, దరఖాస్తుదారులకు

ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాల కోసం వచ్చేవాళ్లలో చాలామంది ఆ రోజు కూలి వదులుకుని వస్తారు. "సిస్టం పని చేస్తలేదు, రేపు రండి" అంటే ఇంకో రోజు కూలి పోయినట్టే. పైగా వాళ్ల ఆధార్, బ్యాంకు వివరాలు మీ కంప్యూటర్ మీదుగానే వెళ్తాయి.

తేడా ఏమిటి?

• ప్యాచ్: ఉన్న సాఫ్ట్‌వేర్‌లో దొరికిన లోపాన్ని సరిచేసే చిన్న సవరణ. వెర్షన్ మారదు.
• అప్‌గ్రేడ్: పాత వెర్షన్ తీసేసి కొత్తది పెట్టడం. ఉదాహరణకు విండోస్ 10 నుంచి 11కు మారడం.

ట్యూబుకు పంక్చర్ వేయించడం ప్యాచ్. ట్యూబే మార్చడం అప్‌గ్రేడ్.

ప్యాచ్ వాయిదా వేస్తే?

2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక విండోస్ లోపానికి ప్యాచ్ ఇచ్చింది. మే 12న అదే లోపం గుండా వానాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ప్యాచ్‌కూ దాడికీ మధ్య దాదాపు రెండు నెలల గడువు ఉంది.

ప్యాచ్ ఎప్పుడు సరిపోదు?

కంపెనీ ప్యాచ్‌లు ఇవ్వడం ఆపేసినప్పుడు. విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో సాధారణ మద్దతు ముగిసింది. ఆ తర్వాత విండోస్ 10కు భద్రతా ప్యాచ్‌లు అదనపు కార్యక్రమంలో నమోదైన వాళ్లకే వస్తాయి. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, టీపీఎం 2.0 చిప్ ఉండాలి. ప్రాసెసర్ కూడా మైక్రోసాఫ్ట్ జాబితాలోది కావాలి.

నిర్వాహకులు చేయాల్సినవి

1. ప్యాచ్‌లు వచ్చిన వారంలోనే, కేంద్రం మూసిన తర్వాత వేయండి.
2. అప్‌గ్రేడ్‌కు ముందు వేలిముద్రల పరికరం, డిజిటల్ సంతకం టోకెన్ కొత్త వెర్షన్‌లో పని చేస్తాయో లేదో అమ్మినవాళ్లను అడగండి.
3. ఫైళ్లు వేరే డిస్క్‌లో దాచుకోండి.
4. దరఖాస్తుల చివరి తేదీ దగ్గర్లో అప్‌గ్రేడ్ పెట్టుకోవద్దు.

దరఖాస్తుదారులకు

"పథకం డబ్బులు పడాలంటే యాప్ అప్‌డేట్ చేయండి" అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు తెరవకండి. అప్‌డేట్ ప్లే స్టోర్ నుంచే చేసుకోండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.