గిటార్ తలమీది పేరు ఎవరిది, చెయ్యి ఎవరిది

ఢిల్లీలో సాకేత్ మెట్రో స్టేషన్ ఎదుట సైదులజాబ్ సందుల్లో సాయంత్రం పూట తిరిగితే ఏదో ఒక కాఫీ షాపులోంచి గిటార్ వినబడుతూనే ఉంటుంది. చుట్టుపక్కల కాలనీల్లో లెక్కల ట్యూషన్ ఎంత మామూలో గిటార్ క్లాసూ అంతే మామూలైంది. ఇక్కడే ఉంటున్న మా అక్క కొడుకు ఈమధ్య రెండు గిటార్ల ఫొటోలు పంపి, “మావయ్యా, పేర్లు వేరైనా ఈ రెండూ ఒకే ఫ్యాక్టరీవట. మరి ఒకదాని ధర రెండోదానికి రెట్టింపు ఎందుకుంది? నన్ను మోసం చేస్తున్నారా?” అని అడిగాడు.

మోసమని అనలేను గానీ దాపరికం మాత్రం ఉంది. వాడికి సరైన జవాబు చెప్పాలంటే గిటార్ వెంట ఆర్డరు కాగితం దగ్గర బయల్దేరి అట్టపెట్టె దాకా నడవాల్సిందే.

పని మొదలయ్యేది కాగితం మీద. ఏ చెక్క, ఎంత మందం, మెడ వంపు ఎంత, ఏ రకం బిరడాలు, ఏ రంగు అన్న వివరాల పట్టికను బ్రాండు కంపెనీ ఫ్యాక్టరీకి పంపుతుంది. కొన్ని కంపెనీలు నమూనా గీతలన్నీ తామే గీసి ఇస్తాయి. కొన్ని ఆ శ్రమ పడవు. ఫ్యాక్టరీ దగ్గర అప్పటికే ఉన్న మోడళ్లలో ఒకటి ఎంచుకుని, తల ఆకారం మార్పించి, తమ పేరు వేయించుకుంటాయి. అయిదు పేర్ల గిటార్లు తోబుట్టువుల్లా కనిపించడానికి కారణం ఈ రెండో పద్ధతే. తర్వాత ఫ్యాక్టరీ ఒక నమూనా గిటార్ చేసి పంపుతుంది. బ్రాండు వాళ్లు దాన్ని వాయించి, కొలిచి, ఒప్పుకుంటే అదే కొలమానం. ఆ తర్వాత తయారయ్యే ప్రతి గిటార్‌నూ దాని పక్కన పెట్టి చూస్తారు. ఎవరికోసం ఏం చేస్తున్నామో బయట చెప్పకూడదన్న షరతు కూడా తరచు ఈ కాగితాల్లోనే ఉంటుంది.

ఈ ఏర్పాటుకు వందేళ్లు దాటాయి. అమెరికాలో సియర్స్ అనే కేటలాగ్ వ్యాపార సంస్థ 1916లో షికాగోలోని హార్మనీ కంపెనీని కొనేసింది. 1954 నుంచి న్యూజెర్సీలో నేథన్ డేనియల్ నడిపిన డేనెలెక్ట్రో అదే సియర్స్ కోసం సిల్వర్‌టోన్ పేరుతో గిటార్లు చేసింది. షికాగోలోనే కార్ల్, ఆగస్ట్ లార్సన్ అనే అన్నదమ్ములుండేవారు. మౌరర్, ప్రెయిరీ స్టేట్, యూఫనాన్, స్టాల్, డయర్ పేర్లతో వాళ్లు చేసిన వాద్యాలను ఇవాళ సేకర్తలు వెతుక్కుంటూ తిరుగుతారు. వాటిలో ఒక్కదాని మీదా లార్సన్ అన్న పేరు లేదు. ఇంతటి పనివాళ్లు తమ పేరు లేకుండానే జీవితమంతా పనిచేశారన్నది నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం.

అక్కడినుంచి పని జపాన్‌కు మళ్లింది. మత్సుమోతో పట్టణంలో 1960లో మొదలైన ఫుజిగెన్ కంపెనీ ఐబనెజ్, గ్రెకో పేర్లతో అమ్ముడైన గిటార్లు చేసింది. వాటిలో అమెరికన్ కంపెనీ ఫెండర్ మోడళ్లకు అచ్చు నకళ్లూ ఉండేవి. 1982లో ఫెండర్ జపాన్ సంస్థ ఏర్పడినప్పుడు అసలు ఫెండర్ గిటార్లు చేసే పని కూడా అదే ఫుజిగెన్‌కు దక్కింది. నకలు చేసిన చేతికే అసలు పని అప్పగించారంటే ఆ పనితనం ఎంతటిదో ఆలోచించండి. అదే ఊళ్లోని మత్సుమోకు కంపెనీ మొదట్లో సింగర్ కుట్టుమిషన్లకు చెక్క పెట్టెలు చేసేది. తర్వాత ఆరియా, ఎపిఫోన్, వెస్టోన్ గిటార్లు చేసింది. జపాన్ తర్వాత కొరియా, ఆపైన ఇండోనేసియా, చైనా. 1973లో కొరియాలో పుట్టిన కోర్‌టెక్ కంపెనీకి కోర్ట్ అన్న సొంత బ్రాండు ఉంది. కానీ స్క్వయర్, ఐబనెజ్, పీఆర్ఎస్ ఎస్ఈ పేర్లతో ఇతరులకు చేసిపెట్టిన గిటార్లతోనే అది ఇంత పెద్దదైంది. 1980ల చివర్లో ఫెండర్ వాళ్ల స్క్వయర్ టూ, సన్ మస్టాంగ్ గిటార్లు కొన్ని మన దేశంలోనే తయారై విదేశాలకు వెళ్లాయన్న సంగతి ఇక్కడ గిటార్ వాయించేవాళ్లలోనూ చాలామందికి తెలియదు.

కాగితం తర్వాత చెక్క. కోసిన పలకను బట్టీ గదిలో ఆరబెట్టి తేమను 6 నుంచి 8 శాతానికి దించుతారు. తొందరపడి పచ్చిదనం వదలని చెక్కతో చేస్తే ఆ సంగతి ఫ్యాక్టరీలో బయటపడదు, ఢిల్లీ మే నెలలో బయటపడుతుంది. లూ గాడ్పులకు మెడ పలక కుంచించుకుపోతుంది. దాని మీది లోహపు మెట్లు (ఫ్రెట్లు) కుంచించుకుపోవు కాబట్టి వాటి కొసలు అంచుల్లో పొడుచుకొచ్చి వేళ్లకు గుచ్చుకుంటాయి. మా అక్క కొడుకు పాత గిటార్‌కు జరిగింది ఇదే.

చెక్క విషయంలో మనకు దగ్గర సంబంధం ఒకటుంది. మంచి గిటార్ల వెనుక పలకకు, పక్క పలకలకు బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడేవారు. 1960ల చివర్లో బ్రెజిల్ దుంగల ఎగుమతికి అడ్డు పడింది. 1969లో మార్టిన్ కంపెనీ భారతీయ రోజ్‌వుడ్‌కు మారింది. మనం జిట్రేగి అనే చెట్టు అది. దాన్ని దుంగలుగా ఎగుమతి చేయడానికి మన ప్రభుత్వం ఒప్పుకోదు కాబట్టి కోసిన పలకల జతలుగా, మెడ మీద అతికించే పట్టీలుగా వెళ్తుంది. 2017 జనవరిలో అంతర్జాతీయ వన్యజీవ వాణిజ్య ఒప్పందం ఈ జాతి చెట్లన్నిటికీ అనుమతి పత్రాలు తప్పనిసరి చేసింది. తయారైన వాద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు ఇచ్చింది. ఏ దేశం పేరు ముద్రించిన గిటార్ తీసుకున్నా దాని ఒంట్లో దక్షిణ భారతపు చెట్టు ఉండే అవకాశం ఉంది. అయినా అట్టపెట్టె మీద ఆ ఊసుండదు.

ఉక్కు తీగల అకూస్టిక్ గిటార్ ఒళ్లయిన పెట్టె కట్టడం దాదాపు ఎక్కడైనా ఒక్కటే తీరు. స్ప్రూస్ దుంగలోంచి పక్కపక్కన కోసిన రెండు పలకల్ని పుస్తకంలా తెరిచి, అంచులు కలిపి అతికిస్తారు. చిత్రిక పట్టి సుమారు 3 మిల్లీమీటర్లకు దించితే పైపలక తయారవుతుంది. చవక రకాల్లో దీని బదులు ప్లైవుడ్ వాడతారు. పైపలక అడుగున ఇంగ్లీషు ఎక్స్ అక్షరం ఆకారంలో సన్నని బద్దలు అతికిస్తారు. పక్క పలకలను తడిపి, వేడి అచ్చులో నడుము వంపు తిప్పుతారు. లోపల మెడ వచ్చేచోట ఒక దిమ్మ, అడుగున ఒక దిమ్మ పెట్టి, పైనా వెనుకా పలకలు మూసి, అంచులకు గాడి తీసి పట్టీ బిగిస్తారు.

ఇక మెడ. నా లెక్కలో గిటార్ తయారీలో అసలు పరీక్ష ఇక్కడే, ధరలో తేడా పుట్టేదీ ఇక్కడే. మెడ లోపల ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. తీగల లాగుడుకు మెడ వంగితే దాన్ని తిప్పి సరిచేసుకోవచ్చు. ఈ అమరిక గిబ్సన్ కంపెనీ 1920ల మొదట్లో తెచ్చింది. ఆ తర్వాతి దశాబ్దంలో ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు గిబ్సన్ తన కార్మికులతోనే కలమజూ అనే చవక పేరుతోనూ, మాంట్‌గమరీ వార్డ్ దుకాణాలకు రికార్డింగ్ కింగ్ పేరుతోనూ గిటార్లు చేయించింది. వాటిలో మాత్రం ఆ కడ్డీ పెట్టలేదు. ఒకే కప్పు కింద, ఒకే పనివాళ్ల చేతుల మీద తయారైనా వాటి లోపలి వివరం వేరు. మా అక్క కొడుకు ప్రశ్నకు సగం జవాబు ఇదే.

మిగతా సగం మెట్లలో ఉంది. తీగ పొడవు 648 మిల్లీమీటర్లనుకుంటే దాన్ని 17.817తో భాగించగా వచ్చే 36 మిల్లీమీటర్ల చిల్లర దూరంలో మొదటి మెట్టు పడుతుంది. మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే రెండోది. అలా పోగా పన్నెండోది సరిగ్గా సగంలో వస్తుంది. మన వీణ తయారీదారు మైనం పరిచి, చెవితో వింటూ ఇరవై నాలుగు మెట్లను కూర్చుతాడు. గిటార్ ఫ్యాక్టరీలో కంప్యూటర్ రంపం నిమిషాల్లో గాళ్లన్నీ కోసేస్తుంది. ఆ తర్వాత మాత్రం మనిషి చెయ్యి కావాలి. మెట్లను గాళ్లలోకి అదిమి, అన్నిటినీ ఒకే ఎత్తుకు అరగదీసి, ఒక్కోదాని నెత్తిని ఆకురాయితో గుండ్రం చేసి, కొసలు నున్నగా రుద్ది, మెరుగు పెట్టాలి. ఈ పనికి ఎంత సమయమివ్వాలో ఆర్డరు కాగితమే చెబుతుంది. ఖరీదైన గిటార్‌కు ఎక్కువ సమయం, చవకదానికి తక్కువ సమయం. చేసేది మాత్రం అదే మనిషి. అందుకే ‘ఒకే ఫ్యాక్టరీ కాబట్టి రెండూ ఒకటే’ అనే దుకాణదారు మాట నమ్మకూడదు. ‘పేరు పెద్దది కాబట్టి పని గొప్పది’ అన్న మాటా నమ్మదగింది కాదు.

మెడను పెట్టెకు జతచేశాక పూత. పాలియెస్టర్ పూతను అతినీలలోహిత దీపాల కింద పెడితే చప్పున గట్టిపడుతుంది. పాతకాలపు నైట్రోసెల్యులోజ్ లక్క పొర పొరకూ ఆరాలి, రోజుల తరబడి కూర్చోబెట్టాలి. ఈ పూత చివరి పొరలకు ముందు గిటార్ తలమీద పేరు వేస్తారు. చాలా గిటార్లకు నీళ్లలో తడిపి అతికించే పల్చని ముద్ర అది. దానిమీద తళతళలాడే పొర పడ్డాక పేరు చెక్కలో పుట్టినట్టే కనిపిస్తుంది. అప్పటిదాకా అది ఎవరి గిటార్ అనేది ఆ గదిలోని కాగితానికే తెలుసు. చెట్టు, వంపు, జిగురు, మెట్టు అన్నీ అయ్యాక చిటికెలో అంటుకునే ఆ ముద్ర కోసం కూడా దుకాణంలో మనం డబ్బు లెక్కపెడతాం.

తర్వాత తీగలు ఎక్కించి, పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎత్తు రెండు, రెండున్నర మిల్లీమీటర్లకు సరిచేసి, వాయించి చూసి అట్టపెట్టెలో పెడతారు. గిటార్ మీద ఒక వరుస సంఖ్య కూడా ఉంటుంది. దాపరికానికి చిన్న కిటికీ ఆ సంఖ్యే. ఐబనెజ్ సంఖ్య ఎఫ్‌తో మొదలైతే ఫుజిగెన్ పని. స్క్వయర్ మీద ఐసీఎస్ అని ఉంటే ఇండోనేసియా, కోర్ట్, స్క్వయర్ అని అర్థం.

కిటికీ అన్నాను కాబట్టి కొరియా సంగతి చెప్పి తీరాలి. 2007లో కోర్ట్ యాజమాన్యం ఇంచియాన్ ఫ్యాక్టరీలో కార్మికుల్ని తీసేసింది, డెజాన్ ఫ్యాక్టరీని మూసింది. పని ఇండోనేసియాకు, చైనాకు వెళ్లింది. బయటకు చూస్తూ కూర్చుంటారని డెజాన్ ఫ్యాక్టరీకి కిటికీలే పెట్టలేదని అక్కడ పనిచేసినవాళ్లు చెప్పారు. వాళ్లు అమెరికా దాకా వెళ్లి పెద్ద బ్రాండ్ల తలుపులు తట్టారు. గిటారిస్టు టామ్ మోరెల్లో వాళ్ల పక్షాన నిలిచాడు. 2019 ఏప్రిల్‌లో రాజీ కుదిరేదాకా పన్నెండేళ్లు ఆ పోరాటం సాగింది. ఇతర బ్రాండ్ల కోసం వాళ్లు చేసిన గిటార్ల తలమీద వాళ్ల ఫ్యాక్టరీ పేరు లేదు. పేరు లేని చెయ్యి అన్యాయం జరిగినప్పుడు ఎవరికీ కనబడదు.

ఫ్యాక్టరీ పేరు దాచకపోతే వ్యాపారం దెబ్బతింటుందన్న వాదన నిలవదు. పీఆర్ఎస్ తన ఎస్ఈ గిటార్లు ఇండోనేసియాలో కోర్‌టెక్ చేస్తుందని బాహాటంగానే చెబుతుంది. అయినా అవి అమ్ముడవుతూనే ఉన్నాయి. మన దేశంలో, మహారాష్ట్రలోని మిరజ్ సితార్ల బాధ మరో రకం. కత్తులకు సానపట్టే షికల్గార్లు అక్కడ సితార్ల పనిలోకి వచ్చి నూట యాభై ఏళ్లు దాటింది. ఎక్కడో చేసిన సితార్లను మిరజ్ పేరుతో అమ్మేస్తున్నారన్నది వాళ్ల ఫిర్యాదు. 2024లో మిరజ్ సితార్‌కు, తంబురాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పనస దుంగను తొలిచి వీణ చేసే గొల్లపల్లి కళాకారుల బొబ్బిలి వీణకు ఆ గుర్తింపు అంతకుముందే ఉంది. ఈ ఫ్యాక్టరీల్లో గిటార్ చేసేవాళ్లకు మాత్రం అలాంటి రక్షణ లేదు.

గిటార్ కొనబోయేవాళ్లు తలమీది పేరు చదివే ముందు బొటనవేలితో మెడ అంచులు తడమండి, కొసలు గుచ్చుకుంటే పక్కన పెట్టేయండి. ఒక కన్ను మూసి మెడ పొడవునా చూడండి. ఒక్కో మెట్టు మీదా తీగ నొక్కి వినండి. వరుస సంఖ్య రాసుకోండి. ఆ తర్వాత అట్టపెట్టె అడిగి, దాని మీది చీటీ చదవండి. 2011 నాటి తూనికలు కొలతల నిబంధనల ప్రకారం దిగుమతి సరుకు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, గరిష్ఠ చిల్లర ధర ఉండాలి. విదేశీ ఫ్యాక్టరీ పేరు ఉండాలని మాత్రం అవి అడగవు. దిగుమతిదారులు తమంతట తామే ఆ ఒక్క వరుస చేర్చాలి, వాళ్లు చేర్చకపోతే ప్రభుత్వం ఆ నిబంధనల్లోనే దాన్ని తప్పనిసరి చేయాలి. అంతవరకు, డబ్బు చెల్లించే ముందు ‘ఇది ఏ ఫ్యాక్టరీలో తయారైంది?’ అని దుకాణంలో గట్టిగా అడగండి.