మనవాడు చేసినా తప్పు తప్పే



ప్రజాస్వామ్యం మంచిదా, చెడ్డదా అని ఎవరైనా మిమ్మల్ని అడిగితే ఏమంటారు? మంచిదనే అంటారు. లోకంలో ఎక్కువమంది మాట అదే. అమెరికాలోని ప్యూ పరిశోధనా కేంద్రం 2023లో 24 దేశాలలో సర్వే జరిపి, ఆ మరుసటి సంవత్సరం ఫలితాలను ప్రకటించింది. ఆ దేశాల మధ్యస్థ లెక్క ప్రకారం, ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధులు పాలించే పద్ధతి మంచిదన్నవారు 77 శాతం. కాని తమ దేశంలో ప్రజాస్వామ్యం నడుస్తున్న తీరు తృప్తిగా లేదన్నవారు 59 శాతం. ఎన్నికైన నాయకులు తమబోటి వారిని పట్టించుకోరన్నవారు 74 శాతం.

అంటే, పద్ధతి మంచిదే గాని నాయకులే మంచివారు కారని మనం అనుకుంటున్నామన్న మాట. తప్పంతా నాయకుల మీద వేస్తే మనసుకు హాయిగా ఉంటుంది. అయితే ఇటీవలి సంవత్సరాలలో కొందరు పరిశోధకులు ప్రశ్నను మన వైపు తిప్పారు. నాయకుడు తప్పు చేసినప్పుడు అతనికి ఓటు వేసేవాడు ఏం చేస్తాడు? ఇదీ వారి ప్రశ్న. వచ్చిన జవాబు చేదుగానే ఉంది. అయినా మందు చేదుగా ఉందని ఉమ్మివేయకూడదు గదా!

పోలింగుకు ముందు రాత్రి

ముందుగా అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో జరిగిన సంగతి చూద్దాం. 2017 మే 25న అక్కడ ప్రతినిధుల సభ స్థానానికి ఉప ఎన్నిక. ముందు రోజు సాయంత్రం గార్డియన్ పత్రిక విలేకరి ఒకరు రిపబ్లికన్ అభ్యర్థి గ్రెగ్ జియాన్‌ఫోర్టేను ఆరోగ్య బిల్లు గురించి ప్రశ్న అడిగారు. అభ్యర్థి కోపం పట్టలేక ఆ విలేకరిని నేలమీద పడవేశాడు. మరో వార్తా సంస్థ వారు కళ్లారా చూశారు. ఆ రాత్రే పోలీసులు కేసు పెట్టారు. తెల్లవారేసరికి వార్త రాష్ట్రమంతా పాకింది. మరునాడు ఆయన గెలిచాడు. తరువాత కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. 40 గంటల సమాజ సేవ, కోపం అదుపులో పెట్టుకోవడానికి 20 గంటల శిక్షణ, జరిమానా విధించారు. 2020లో ఆయన అదే రాష్ట్రానికి గవర్నరుగా కూడా ఎన్నికయ్యాడు.

ఈ ఎన్నికలో పరిశోధకులకు పనికివచ్చే విశేషం ఒకటి ఉంది. సగానికి పైగా ఓటర్లు ఈ సంఘటనకు ముందే తపాలా ద్వారా ఓటు వేసేశారు. మిగిలినవారు వార్త విన్న తరువాత వేశారు. కనుక తెలియక ముందు పడిన ఓట్లను, తెలిసిన తరువాత పడిన ఓట్లను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ గ్రాహం, మిలన్ స్వోలిక్ ఆ పని చేశారు. రెండు పార్టీల బలం దాదాపు సమానంగా ఉన్న ప్రాంతాలలో కొందరు ఆయనకు దూరమయ్యారు. ఒకే పార్టీకి గట్టి పట్టున్న ప్రాంతాలలో ఆ వార్త పెద్దగా పని చేయలేదు.

తక్కెడలో రెండు పళ్లాలు

ఈ ఇద్దరే మరొక పరీక్ష కూడా చేశారు. ఇద్దరేసి ఊహాజనిత అభ్యర్థులను ఓటర్ల ముందు పెట్టి, "వీరిలో ఎవరికి వేస్తారు?" అని అడిగారు. వారి వయసు, వృత్తి, పార్టీ, పన్నుల మీద అభిప్రాయం అన్నీ చెప్పారు. కొందరు అభ్యర్థులకు మాత్రం ఒక అప్రజాస్వామిక గుణం తగిలించారు. ప్రత్యర్థులకు బలమున్న చోట పోలింగు కేంద్రాలు తగ్గించాలనడం, నచ్చని కోర్టు తీర్పులను లెక్కచేయవద్దనడం, తమ మీద ఆరోపణ రాసిన విలేకరులపై కేసులు పెట్టాలనడం వంటివి అవి. ఫలితాలు 2020లో అమెరికన్ పొలిటికల్ సైన్స్ రివ్యూ అనే పత్రికలో వెలువడ్డాయి. తమకు నచ్చిన అభ్యర్థి ఇలాంటి పని చేస్తే అతన్ని శిక్షించడానికి ఎదుటి పక్షానికి ఓటు వేసేవారు 3.5 శాతం మాత్రమేనని వారి అంచనా. ఈ విషయంలో రెండు పార్టీల వారూ ఒకటే!

మరి ఆ ఓటర్లకు అది తప్పని తెలియదా? తెలుసు. విడిగా అడిగితే ఇవి ప్రజాస్వామ్యానికి విరుద్ధమని వారే చెప్పారు. లోపం తెలివిలో లేదు, తూకంలో ఉంది. తక్కెడలో ఒక పళ్లెంలో న్యాయం ఉంది. రెండవ పళ్లెంలో మన పార్టీ, మన లాభం, ఎదుటివారి మీద మన కోపం ఉన్నాయి. పార్టీల మధ్య ఎడం పెరిగినకొద్దీ, మనలో పట్టుదల ముదిరినకొద్దీ రెండవ పళ్లెం బరువెక్కుతుంది. అది బాగా బరువెక్కిన నాడు నాయకుడికి ధైర్యం వస్తుంది. "నేనేమి చేసినా నావాళ్లు నన్ను వదలరు" అనుకుంటాడు. ప్రజాస్వామ్యానికి ప్రమాదం వచ్చేది అక్కడే.

మన ఇంటి సంగతి

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకోకండి. మన ఓటర్లు సోమరులు కారు. 2024 ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్‌లో 80 శాతానికి పైగా ఓట్లు పోలయ్యాయి. గొప్ప సంగతే. కాని పార్లమెంటు, కోర్టులు అడ్డు రాకుండా ఒక బలమైన నాయకుడు నిర్ణయాలు తీసుకునే పద్ధతి మంచిదా అని ప్యూ వారు అడిగితే, మన దేశంలో 2017లో 55 శాతం, 2023లో 67 శాతం మంచిదేనన్నారు. ఓటు మీద ప్రేమ ఉన్నంత మాత్రాన ఓటును కాపాడే కట్టుబాట్ల మీద ప్రేమ ఉన్నట్టు కాదని దీనివలన తెలుస్తున్నది.

సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల వలన అభ్యర్థులు తమపై ఉన్న క్రిమినల్ కేసులను ప్రమాణపత్రంలో చెప్పి తీరాలి. ఆ పత్రాలను లెక్కించే అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ సంస్థ ప్రకారం, అటువంటి కేసులున్నట్టు చెప్పుకున్న లోక్‌సభ సభ్యులు 2004లో 125 మంది, 2009లో 162 మంది, 2024లో 251 మంది. కేసు ఉన్నంతలో దోషి అని కాదు. కక్షతో పెట్టిన కేసులూ ఉంటాయి. అయినా దాపరికం పోయిన తరువాత కూడా లెక్క ఎందుకు పెరిగింది?

మిలన్ వైష్ణవ్ అనే పరిశోధకుడు 2017లో ఈ విషయం మీదనే ఒక గ్రంథం ప్రచురించారు. ఓటర్లు తెలియక మోసపోవడం లేదని ఆయన చెబుతారు. సామాజిక వర్గాల మధ్య పోటీ తీవ్రంగా ఉండి, ప్రభుత్వ యంత్రాంగం అందరికీ సమానంగా పని చేయని చోట, "అతను గట్టివాడు, మనవాళ్లకు అండగా ఉంటాడు" అని తెలిసే ఎన్నుకుంటారట. మన భాషలో దీనికి ఒక్క మాట చాలు: మనవాడు. ఆ మాట వినగానే ఎన్ని తప్పులు మాఫీ అయిపోతాయో మీకు తెలియనిది కాదు.

ఎదుటివాడి గురించి అపోహ

ఇంతకూ మంచివారు సైతం ఎందుకిలా చేస్తారు? 2023లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం దీనికి ఒక కారణం చూపింది. "ఎదుటి పార్టీవాళ్లు అవకాశమొస్తే ఎంతకైనా తెగిస్తారు, కనుక మనమే ముందు తెగించాలి" అనే భయం అది. నిజానికి ఎదుటివారు నియమాలను తుంచివేయడానికి ఎంత సిద్ధంగా ఉన్నారో ఇరుపక్షాలవారూ బాగా ఎక్కువగా ఊహించుకుంటున్నారు. అసలు సంగతి చెప్పినప్పుడు వారు కూడా నియమాలకు మరింతగా కట్టుబడ్డారు.

2024లో సైన్స్ పత్రికలో వెలువడిన మరో పెద్ద అధ్యయనంలో 32,000 మందికి పైగా అమెరికన్లపై 25 రకాల ప్రయత్నాలు చేసి చూశారు. వాటిలో 23 ప్రయత్నాలు పార్టీ ద్వేషాన్ని తగ్గించాయి. అక్రమాలను సమర్థించే గుణం తగ్గడానికి బాగా తోడ్పడినవాటిలో, ఎదుటివారి అభిప్రాయాల గురించిన అపోహను తొలగించడం ఒకటి. కనుక ఆశ వదులుకోవలసిన పని లేదు.

మనం చేయదగినవి

1. పేరు మార్చి చూడండి. మీ నాయకుడు చేసిన పనిని అవతలి పార్టీ నాయకుడు చేసినట్టు ఊహించుకోండి. అప్పుడు కోపం వస్తే, ఇప్పుడు కూడా రావాలి.

2. అభ్యర్థుల ప్రమాణపత్రాలు చదవండి. ఎన్నికల సంఘం వాటిని అందరికీ అందుబాటులో ఉంచుతుంది. చదువు రానివారికి చదివి వినిపించండి.

3. అవతలి పార్టీకి ఓటు వేసే పొరుగువారితో ఒకసారి తీరికగా మాట్లాడండి. వాదనకు కాదు, వినడానికి.

4. మీ పార్టీని వదలమని ఎవరూ అనడం లేదు. లోపల ఉండే "ఇది తప్పు" అని చెప్పండి. పొరుగువాడి కేకకంటే ఇంటివాడి మాటకే నాయకుడు ఎక్కువ భయపడతాడు.

ఆలోచించండి, చర్చించండి

మీరు అభిమానించే నాయకుడు చేసిన ఏ తప్పును మీరు ఇంతవరకు బాహాటంగా తప్పన్నారు? మన ఊరిలో "మనవాడు" అనే మాట ఏయే తప్పులను కప్పిపుచ్చింది? ఆ తప్పుల వలన నష్టపోయినవారు ఎవరు?

కన్నబిడ్డ పొరుగింటి చెట్టు కాయలు దొంగతనంగా కోసుకొస్తే తల్లి ఏం చేస్తుంది? "మావాడేగదా" అని ఊరుకుంటే బిడ్డ చెడిపోతాడు. చెవి పట్టుకుని తిరిగి ఇప్పించే తల్లికి బిడ్డ మీద ప్రేమ తక్కువని ఎవరంటారు? నాయకుడి సంగతీ అంతే. అతన్ని మందలించే తొలి హక్కు, తొలి బాధ్యత కూడా అతనికి ఓటు వేసిన మనదే.