ఓవర్‌డ్రైవ్: వాడవలసిన వేళ, మానవలసిన వేళ

ఆటోమేటిక్ గేర్లు గల పికప్ వాహనములు అనేకములలో గేరు కడ్డీ మీదనో, దాని సమీపముననో ‘ఓ/డి’ అను అక్షరములు గల చిన్న మీట ఒకటి ఉండును. దానిని ఎప్పుడు నొక్కవలెనని మమ్ము అడిగినవారు మా పూర్వ విద్యార్థులు. మన జిల్లాల నుండి గల్ఫ్ దేశములకు వెళ్ళి అచ్చట వాహనచోదకులుగా జీవించుచున్నవారు అనేకులు కలరు. వారిలో ఒకరు నిండు బరువుతో కొండదారిలో పికప్ నడుపుచుండగా గేరుపెట్టె మాడిపోయెననియు, యజమాని ఆ మరమ్మతు ఖర్చును జీతములో విరుగగోసెననియు సెలవులలో ఇంటికి వచ్చినపుడు చెప్పిరి. ఆయన అజాగ్రత్తగా నడుపువారు కారు. ఆ మీట అర్థమును ఆయనకు ఎవరును చెప్పలేదు. ఆ లోపమును పూరించుటకే ఈ పాఠము.

పేరులోని పొరపాటు

‘ఓవర్’ అను మాట వినగానే అది అదనపు బలమని పలువురు తలంతురు. మేము తరగతిలో అడుగగా ఉర్దూ విద్యార్థులు “జ్యాదా జోర్” అని అర్థము చెప్పిరి. తెలుగు విద్యార్థులు “ఎక్కువ శక్తి” అనిరి. భాషలు రెండు, పొరపాటు ఒక్కటే. ఓవర్‌డ్రైవ్ బలమునిచ్చు గేరు కాదు. చక్రములకు అందు బలమును కొంత తగ్గించి, ఇంజనుకు విశ్రాంతినిచ్చు గేరు.

సైకిలును గమనింపుడు. ముందు పళ్ళచక్రము పెద్దది, వెనుకది చిన్నది. కనుక పెడలు ఒకమారు తిరిగినచో వెనుకచక్రము ఒకటికంటె ఎక్కువమార్లు తిరుగును. చదునైన బాటలో ఇది ఎంతో సుఖము. అదే సైకిలుపై బియ్యపు మూట కట్టి రైలు వంతెన ఎక్కుడు, మోకాళ్ళు పట్టివేయును. ఓవర్‌డ్రైవ్‌లోని సుఖమును, కష్టమును ఇట్టివే.

లెక్కలో చూచిన

జనరల్ మోటార్స్ సంస్థవారి ‘700 ఆర్ 4’ అను నాలుగు గేర్ల ఆటోమేటిక్ గేరుపెట్టెను ఉదాహరణముగా తీసికొందము. దాని గేర్ల నిష్పత్తులు వరుసగా 3.06, 1.63, 1.00, 0.70. మొదటి గేరులో ఇంజను 3.06 మార్లు తిరిగిన గాని గేరుపెట్టె వెలుపలి దండము ఒకమారు తిరుగదు. మూడవ గేరులో రెండును సమానముగా తిరుగును. నాలుగవ గేరులో ఇంజను 0.70 మారు తిరిగినచో దండము పూర్తిగా ఒకమారు తిరుగును. ఇట్లు నిష్పత్తి ఒకటికి తగ్గిన గేరునే ఓవర్‌డ్రైవ్ అందురు.

ఒక పికప్ గంటకు 90 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. అనగా నిమిషమునకు 1,500 మీటర్లు. టైరు చుట్టుకొలత 2.3 మీటర్లు అయినచో చక్రము నిమిషమునకు సుమారు 652 మార్లు తిరుగును. వెనుక ఇరుసులోని పళ్ళచక్రముల నిష్పత్తి 3.73 అయినచో దండము సుమారు 2,430 మార్లు తిరుగవలెను. మూడవ గేరులో ఇంజను వేగము కూడ అంతే. ఓవర్‌డ్రైవ్‌లో అది సుమారు 1,700 మాత్రమే. నిమిషమునకు 730 చుట్లు తగ్గినవి; గంటకు 43,800 చుట్లు. ఇంధనము పొదుపగుట, చప్పుడు తగ్గుట, ఇంజను అరుగుదల తగ్గుట ఇందువలననే.

అయితే ఈ లాభము ఊరక రాలేదు. ఇంజను ఒకే తిప్పుబలమును ఇచ్చుచున్నప్పుడు, మూడవ గేరుతో పోల్చినచో చక్రములకు అందు బలము నూటికి ముప్పది వంతులు తగ్గును. ఈ ఒక్క విషయమును గుర్తుంచుకొనినచో తక్కిన నియమములన్నియు దానినుండియే పుట్టును.

పుట్టుక

వేగము తగ్గకుండ ఇంజను చుట్లను తగ్గించు ఏర్పాటు 1930 దశకము నుండియే కొన్ని అమెరికా కార్లలో ఉన్నది. ఆటోమేటిక్ గేరుపెట్టెలలో అది వ్యాపించుటకు కారణము చమురు కరవు. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు అమెరికాకు చమురు ఎగుమతిని నిలిపివేసినవి. 1975లో ఆ దేశము వాహనముల ఇంధన వినియోగమునకు పరిమితులు విధించు చట్టము చేసెను. 1980 నమూనా వాహనములలో ఫోర్డ్ సంస్థయు, 1981 నమూనాలలో జనరల్ మోటార్స్ సంస్థయు ఓవర్‌డ్రైవ్ గల నాలుగు గేర్ల ఆటోమేటిక్ గేరుపెట్టెలను ప్రవేశపెట్టినవి. అరబ్బుల చమురు దొరకనందున వ్యాపించిన గేరును మన యువకులు నేడు అరబ్బుల నేలమీదనే నడుపుచుండుట గమనింపదగిన విషయము.

ఎప్పుడు ఉంచవలెను

సాధారణముగా ఓవర్‌డ్రైవ్ పనిచేయు స్థితిలోనే ఉండును. మీట నొక్కినచో అది నిలిచి, ‘ఓ/డి ఆఫ్’ అను దీపము వెలుగును. అనగా దీపము వెలిగిన ఓవర్‌డ్రైవ్ లేదు, ఆరిన ఉన్నది. దీనిని తలక్రిందులుగా అర్థము చేసికొనువారు పెక్కుమంది. దీపము మినుకుమినుకుమనుచున్నచో అనేక వాహనములలో అది గేరుపెట్టె దోషమును తెలుపు సూచన. అట్టిచో ప్రయాణము సాగింపక చూపించుట మేలు.

బండి ఖాళీగానో, తేలిక బరువుతోనో ఉండి, దారి చదునుగా ఉన్నప్పుడు ఓవర్‌డ్రైవ్‌ను ముట్టుకొనవలసిన పనిలేదు. పట్టణములో కూడ ఉంచవచ్చును. తగిన వేగము రానిదే యంత్రము ఆ గేరునకు పోదు. ముందు బండిని దాటుటకై మీట నొక్కనక్కరలేదు. యాక్సిలరేటరును బాగుగా అదిమినచో యంత్రము తానే క్రింది గేరునకు దిగును. బలము కొరకు ఎల్లవేళల ఓవర్‌డ్రైవ్‌ను మాని నడుపుట కూడ పొరపాటే. ఇంధనము వృథా యగును.

ఎప్పుడు మానవలెను

మొదటిది, బరువుతో మిట్ట ఎక్కునప్పుడు. నాలుగవ గేరులో బలము చాలక యంత్రము మూడవ గేరునకు దిగును. వేగము పుంజుకొనగానే మరల నాలుగవదానికి పోవును. మరల బలము చాలదు, మరల దిగును. ఇట్లు నిమిషమునకు పలుమార్లు జరుగవచ్చును. పాత నాలుగు గేర్ల యంత్రము బండి వేగమును, యాక్సిలరేటరు అదుమును మాత్రమే ఎరుగును. ముందున్న మిట్టను ఎరుగదు. దానిని చూచువాడు చోదకుడే. గేరు మారిన ప్రతిమారు లోపలి క్లచ్చి బిళ్ళలు కొంత జారును. జారుట వలన వేడి పుట్టును. ఆ వేడికి గేరునూనె చెడును. నూనె చెడినచో బిళ్ళలు మాడును. క్రొత్త నూనె సాధారణముగా ఎర్రగా ఉండును. అది గోధుమవర్ణమునకు తిరిగి మాడు వాసన కొట్టినచో హాని జరిగినదని తెలియవలెను. మా పూర్వ విద్యార్థి బండికి జరిగినది ఇదియే. మిట్ట మొదలుకాక ముందే ఆయన ఆ మీటను నొక్కియుండినచో జీతము నిలిచెడిది. వెనుక ట్రెయిలరు లాగునప్పుడును, నిండు బరువుతో ఎదురుగాలిలో పోవునప్పుడును గేర్లు ఇట్లు మారుచున్నచో ఇదే నియమము.

రెండవది, కొండ దిగునప్పుడు. ఇచ్చట పోవునది జీతము కాదు, ప్రాణము. సౌదీ అరేబియాలో తాయిఫ్ నగరము సముద్రమట్టమునకు సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉన్నది. మక్కా నగరము సుమారు 300 మీటర్ల ఎత్తున. ఈ రెంటి నడుమ అల్ హదా కొండదారి మలుపులు తిరుగుచు దిగును. బరువుతో కలిసి 2,500 కిలోల పికప్ వేయి మీటర్ల ఎత్తు దిగినదనుకొందము. అది కోల్పోవు స్థితిశక్తి 2,500 × 9.8 × 1,000, అనగా 245 లక్షల జౌళ్ళు. ముప్పది డిగ్రీల వేడిగల 83 లీటర్ల నీటిని నూరు డిగ్రీలకు తెచ్చుటకు ఈ శక్తి చాలును. ఈ వేడి అంతయు బ్రేకుల మీదనే పడినచో అవి పట్టు కోల్పోవును. ఓవర్‌డ్రైవ్‌ను మాని, వాలును బట్టి ఇంకను క్రింది గేరునకు దిగినచో ఇంజనే బండిని నిలువరించుచు ఆ భారమును చాలవరకు పంచుకొనును. బ్రేకులు మలుపులకు మిగులును. ఈ పని దిగుట మొదలుకాక ముందే చేయవలెను. బండి పరుగందుకొనిన తరువాత కాదు.

ఒక హెచ్చరిక. పై ఉదాహరణములోని గేరుపెట్టెలో నాలుగవ గేరునుండి మూడవదానికి దిగినచో ఇంజను వేగము నూటికి నలుబదిమూడు వంతులు పెరుగును. తడిసిన దారిలో, వెనుక బరువులేని పికప్‌లో ఆ కుదుపునకు వెనుకచక్రములు జారవచ్చును. కనుక వేగము తగ్గించిన పిమ్మటనే మీట నొక్కుట క్షేమము.

క్రొత్త వాహనములు

ఫోర్డ్, జనరల్ మోటార్స్ సంస్థలు కలిసి రూపొందించిన పది గేర్ల యంత్రము 2017 నమూనా ఎఫ్-150 పికప్‌లో వచ్చినది. అందులో చివరి మూడు గేర్లును ఓవర్‌డ్రైవ్‌లే. అట్టి బండ్లలో బరువు లాగుటకు ‘టో/హాల్’ అను మీట ఉండును. అది క్రింది గేర్లను ఎక్కువసేపు నిలిపి, పై గేర్లకు తొందరపడకుండ చూచును. మీట పేరు మారినది గాని సూత్రము మారలేదు. మీ చేతికి వచ్చిన బండిలో ఏ మీట ఏ పని చేయునో దానితో వచ్చిన పుస్తకములో ముందుగా చదువుడు.

విద్యార్థులారా, పాఠమంతయు మూడు మాటలలో ఇమిడియున్నది. దారి చదునై బరువు తేలికైనచో ఓవర్‌డ్రైవ్‌ను ఉంచుడు. గేర్లు ఎటూ తేలక మారుచున్నచో మానుడు. కొండ దిగుటకు ముందు తప్పక మానుడు. మా కళాశాల పాలకవర్గమువారికి ఒక మనవి. పరదేశములో చక్రము పట్టి కుటుంబమును పోషింపవలసిన యువకులకు భాషయు, గణితమును నేర్పుచున్నాము. ఆ గణితము గేరుపెట్టెలో ఎట్లు పనిచేయునో వారానికి ఒక గంట చూపింపగలిగినచో వారి జీతములును, ప్రాణములును నిలుచుటకు అది తోడ్పడునని మా విశ్వాసము.