వంగతోటలయందు అక్షింతల పురుగు: దానిని గుర్తించుట, నివారించుట

వంగతోటలు వేయు రైతులలో అక్షింతల పురుగును చూడనివారు లేరు. కాని దానిని సరిగా గుర్తించినవారు కొలదిమందియే. ఈ పురుగునకు దగ్గఱి చుట్టమై, రూపమున నించుమించుగా నట్లే యుండి, రైతునకు మేలొనర్చు పెంకుపురుగులు వేఱుగా కలవు. రెండు తెగలను నొక్కటిగా నెంచి మందు చల్లించిన రైతు దొంగతోబాటు కావలివానినిగూడ పొలమునుండి వెడలగొట్టినవాడగును. కావున నివారణోపాయములకంటె ముందు గుర్తులు తెలియవలయును.

ఎదిగిన అక్షింతల పురుగు సెనగబద్దవలె అడుగున చదునుగను, పైన గుబ్బగను ఉండును. పొడవు 6 మొదలు 8 మిల్లీమీటర్లు. రంగు రాగిఛాయ గల గోధుమవర్ణము. పైఱెక్కలమీద నల్లని చుక్కలుండును. ఒక జాతికి రెండు ఱెక్కలమీదను కలిపి 28 చుక్కలు, మఱియొక జాతికి 12. అయితే చుక్కలు లెక్కించుచు కూర్చుండుట పొలములో జరుగు పని కాదు. అంతకంటె సులభమైన గుర్తు మెఱుపు. అక్షింతల పురుగు వీపుమీద సన్నని నూగుండుటచేత దాని పెంకు మాసినట్లు కనుపించును. పేనుబంకను తిని రైతునకు సాయపడు పెంకుపురుగుల వీపు మెఱుగు పెట్టిన పూసవలె నిగనిగలాడును. వానిలో నొకటి ఎఱ్ఱగా నుండి 7 నల్లని చుక్కలు గలది; మఱియొకటి పసుపుఛాయ గలదై నల్లని వంకరగీతలు గలది. ఈ రెండును ఆకును ముట్టవు.

పిల్లపురుగులను గుర్తించుట యింకను తేలిక. అక్షింతల పురుగు పిల్లలు పసుపురంగుగలవై, ఒడలంతయు కొమ్మలు చీలిన ముండ్లతో నుండి, మందముగా కదలును. ఉపకారులైన పురుగుల పిల్లలు నల్లగానో, బూడిదరంగుగానో యుండి, నారింజరంగు మచ్చలు గలవై, వేటకై ఆకుమీద చురుకుగా తిరుగాడును. గ్రుడ్లవిషయమున మాత్రము మోసపోవుటకు వీలున్నది. రెండు తెగలును పసుపువన్నె గల కోలగ్రుడ్లనే గుంపుగా నిలువున నిలిపి పెట్టును. అక్షింతల పురుగు గ్రుడ్లు కొంచె మెడమెడముగ, పసుపు పట్టించిన నూకలను ఆకడుగున నాటినట్లుండును. మేలుచేయు పురుగుల గ్రుడ్లు ఒకదానినొకటి యొరసికొనియుండును. సందేహము కలిగినచో ఆ చుట్టుపట్ల పేనుబంక యున్నదేమో చూడవలయును. పేనుబంక యున్నచోట గ్రుడ్లను తొందరపడి నలుపరాదు.

పెద్ద పురుగులును పిల్లపురుగులును గూడ ఆకులోని పచ్చని పసరును గోకి తినును. ఈనెలును పలుచని పొరయు మాత్రము మిగులును. అట్టి ఆకు జల్లెడవలె నగుపడి, పిదప ఎండి గోధుమరంగునకు దిరుగును. ముదురుచెట్టు కొన్ని ఆకులు పోయినను నిలద్రొక్కుకొనును. నాటిన మూడు నాలుగు వారములలోపల నున్న లేతమొక్కకు మాత్రము ఇది ప్రాణాపాయమే. కొమ్మచివరలు వాలిపోవుట, కాయకు రంధ్రములు పడుట ఈ పురుగు పనికాదు; అది కొమ్మలను కాయలను తొలుచు వేఱొక పురుగుచేత కలుగును.

వెచ్చని దినములలో గ్రుడ్లు సుమారు 4 దినములకు పొదుగును. గ్రుడ్డు మొదలు ఱెక్కలపురుగగువఱకు వేసవియందు ఇంచుమించు 3 వారములును, చలికాలమున 7 వారములవఱకును పట్టును. ఒక ఆడుపురుగు తన జీవితకాలమున వందలకొలది గ్రుడ్లు పెట్టగలదు. ఈ లెక్కనుబట్టియే ఏరివేత క్రమము నిర్ణయించుకొనవలయును. గ్రుడ్లు 4 దినములకు పొదుగును గనుక, మూడు దినములకొకసారి తోట తిరిగి ఆకుల యడుగుభాగమును చూచి, గ్రుడ్లున్న ఆకును తుంచివేయించినచో, వాటిలో మిక్కిలి భాగము పిల్లలు కాకమునుపే చేజిక్కును. ఒక్కొక్క గుంపున 30, 40 గ్రుడ్లవఱకు నుండుటచేత, ఒక ఆకు తుంచుట పిదప నలువది పురుగులను వెదకి పట్టుకొనుటతో సమానము. పొదిగిన పిల్లలు మొదటి దినములలో ఒక్క ఆకుననే గుమిగూడియుండును. ఆ ఆకునుగూడ తుంచవచ్చును.

పెద్ద పురుగులను తెల్లవాఱుజామున, చల్లదనమునకు మందముగా నున్నప్పుడే పట్టించవలయును. ముట్టిన వెంటనే ఇవి కాళ్ళు ముడుచుకొని చచ్చినట్లు క్రిందబడి మట్టిలో కలిసిపోవును. అందుచేత మొక్కక్రింద చేటయో వెడల్పుపళ్ళెమో పట్టి కొమ్మను తట్టవలయును. రాలినవానిని కిరసనాయిలు కలిపిన నీళ్ళలో వేసినచో చచ్చును. కాళ్ళ కీళ్ళనుండి కాఱు పసుపురసమును చూచి కూలివాండ్రు భయపడుదురు. అది పురుగు ఆత్మరక్షణకై విడుచు రసము మాత్రమే. పట్టాదారుడు గట్టుమీద నిలిచి పని చేయించినచో కూలివాండ్రు పైఆకులను మాత్రము చూచిపోదురు. ఒకసారి తానే వంగి ఆకు త్రిప్పి చూపుట మంచిది.

ఏరునపుడు గోధుమరంగునకు దిరిగి, గట్టిపడి, ఆకునకు అంటుకొనియున్న పిల్లపురుగులు కనబడినచో వానిని విడిచిపెట్టవలయును. వానిలోపల ఒక సన్నని పరాన్నజీవి కందిరీగ పిల్లలు పెరిగియుండును. ఆ యొకదానినుండి వెలువడు పెక్కు కందిరీగలు మఱిన్ని పిల్లపురుగులను వెదకి చంపును. దీని సామర్థ్య మెంతటిదనగా, 1966లో దీనిని భారతదేశమునుండి అమెరికా సంయుక్త రాష్ట్రములకు గొనిపోయి, అచ్చట చిక్కుడుపైరును తిను పెంకుపురుగుపై ప్రయోగించిరి. పరదేశీయులు ఓడలు, విమానములు దాటించి తీసికొనిపోయిన దానిని మన తోటలో మనమే విషము చల్లి చంపుకొనుట వింతయే.

ఏరివేతకు లొంగనంతగా పురుగు హెచ్చినచో వేపగింజల కషాయము వాడదగినది. 5 కిలోల ఎండిన వేపపప్పును మెత్తగా దంచి, గుడ్డలో మూటగట్టి, 10 లీటర్ల నీటిలో రాత్రియంతయు నానబెట్టి పిండవలయును. ఈ కషాయమునకు 100 గ్రాముల సబ్బుపొడి కలిపి, మొత్తము 100 లీటర్లగునట్లు నీరు చేర్చి, ఆ దినముననే సాయంకాలము చల్లవలయును. ఎండకు దీని గుణము త్వరగా క్షీణించును. పిచికారి మూతి పైకి త్రిప్పి ఆకుల యడుగున పడునట్లు కొట్టించనిది ఫలము లేదు. పురుగు వెంటనే చచ్చి రాలదు. తిండి మానును, పిల్లపురుగులు కుబుసము విడువజాలక నశించును. మఱునాడు పురుగులు కనబడినవని నిరాశపడి వేఱు విషమునకు పరుగిడరాదు.

1950నకు పూర్వపు కరపత్రములలో సీసపుపాషాణమును చల్లుమని వ్రాసియుండెడిది. పిదప డి.డి.టి. వచ్చెను, సేద్యమున దాని వాడుకను 1989లో ప్రభుత్వము నిషేధించెను. కార్బరిల్ పొడికిని 2018లో అదే గతి పట్టెను. ఇండ్లలో పాతపొట్లములు మిగిలియున్నవని వానిని తోటకు తేరాదు. వంగను రెండు మూడు దినములకొకసారి కోసి సంతకు పంపుదురు గనుక, దానిమీది విషము తినువాని ఇంటికే చేరును. ఏ మందైనను వాడక తప్పనిచో, డబ్బామీద వంగపైరు పేరున్నదో లేదో, చల్లిన ఎన్ని దినములకు కాయ కోయవలయునో చదివించుకొని, ముందుగా కాయలన్నియు కోసి పిమ్మట చల్లించవలయును.

బంగాళదుంప, టమాట, కాకర పైరులనుగూడ ఈ పురుగు తినును. గట్లమీది ఉమ్మెత్త, కామంచి మొక్కలు దీనికి విడిదిండ్లు. తోట నాటుటకు ముందే వానిని పీకించవలయును. కడపటి కోత యైన పిమ్మట మోళ్ళను చిగిర్చుటకు విడిచిన పొలమునుండియే ప్రక్క రైతు లేతతోటకు పురుగు ఎగిరిపోవును. కోత ముగిసిన వారములోపల మొక్కలను వేళ్ళతో పెఱికించి, ఎండబెట్టి కాల్చివేయుటయో, గోతిలో పూడ్చుటయో చేయింపవలయును.