తరంగం చూసేముందు కన్ను చూడు

చిరంజీవి లహరికి,

ఈఈజీ ల్యాబ్‌లో నీకు ధ్యాస మీద ప్రాజెక్టు ఇచ్చారని రాశావు. మెదడు లయల మీద పుస్తకాలు చెప్పమన్నావు. పుస్తకాలు మీ గైడు చెబుతారులే. నేను కంటి గురించి రాస్తాను. లయల కథ మొదలైందే అక్కడ.

జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు 1924లో మొదటిసారి మనిషి తల మీదినుంచి మెదడు విద్యుత్తును నమోదు చేశాడు. ఈ నమోదునే ఈఈజీ అంటారు. అచ్చులో పెట్టడానికి 1929 దాకా ఆగాడు. కళ్లు మూసుకుంటే తల వెనక భాగంలో సెకనుకు పది చొప్పున పెద్ద పెద్ద అలలు లేస్తాయి, కళ్లు తెరవగానే అణిగిపోతాయి. అదే ఆల్ఫా లయ. నమ్మినవాళ్లు తక్కువ. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ సరిచూశాక గానీ ఆయన మాటకు విలువ రాలేదు. నువ్వు కూడా ముందు ఇదే చేసి చూడు. ఆల్ఫా కనబడకపోతే చాలాసార్లు తప్పు జెల్‌దో, ఎలక్ట్రోడ్‌దో. కొందరి తలలో అది సహజంగానే తక్కువనుకో.

ఆల్ఫా అంటే పని లేని మెదడు అని చాలాకాలం అనుకున్నారు. ఇప్పుడలా అనడం లేదు. చూపు మధ్యలోని చుక్క మీదే నిలిపి, ధ్యాస మాత్రం ఎడమవైపు పెట్టమంటే, బొమ్మ ఇంకా రాకముందే కుడి మెదడు వెనక ఆల్ఫా తగ్గుతుంది. ఎడమవైపు దృశ్యం చేరేది కుడి మెదడుకే కదా. అక్కర్లేని వైపు ఆల్ఫా తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. అక్కర్లేనిదాన్ని అణచడానికే ఆల్ఫా ఉందని ఎక్కువమంది అభిప్రాయం. కానీ అణచేది ఆల్ఫాయేనా, లేక అణచివేతకు అది గుర్తు మాత్రమేనా? ఈ రెండింటినీ నీ రిపోర్టులో కలిపేయకు.

ఇక కన్ను. మనకు స్పష్టంగా కనబడేది చాచిన చేతి బొటనవేలి గోరంత మేరే. అందుకే కన్ను సెకనుకు మూడు నాలుగుసార్లు దూకుతుంది. ఆ దూకునే సక్కేడ్ అంటారు. ఒక్కొక్కటి సాధారణంగా 20 నుంచి 50 మిల్లీసెకన్లలో అయిపోతుంది. అద్దంలో ఒక కంటి నుంచి రెండో కంటికి చూపు మార్చి చూడు, నీ కన్ను కదలడం నీకు కనబడదు. పక్కనున్నవాళ్లకు కనబడుతుంది. దూకే క్షణంలో మెదడు దృశ్యాన్ని అణచేస్తుంది మరి.

ఈ దూకుల వేగం మెదడులోని థీటా లయకు, అంటే సెకనుకు 4 నుంచి 8 దాకా ఉండే అలలకు, దగ్గరగా ఉంటుంది. కన్ను కదలకపోయినా ధ్యాస కూడా ఇలా విడతలుగానే నడుస్తుందని 2012లో లాండౌ, ఫ్రీస్ అనే పరిశోధకులు చూపించారు. రెండు చోట్ల ధ్యాస ఉంచమంటే, రెండు పొయ్యిల మీద కూరలు పెట్టినావిడ గరిటె అటూ ఇటూ తిప్పినట్టు, ఒక్కోచోటికి సెకనుకు నాలుగుసార్లు వెళ్లివస్తుందని వాళ్ల లెక్క. 2018లో ప్రిన్స్‌టన్‌లో కాస్ట్నర్ బృందం కోతుల మెదడులోనూ అలాంటి లయే కనబడిందన్నది. ఆలోచన అందంగానే ఉంది. అయితే 2022లో బ్రూక్‌షైర్ అనే పరిశోధకుడు ఒక చిక్కు చూపించాడు. ఇలాంటి ఫలితాలకు వాడే కొన్ని గణాంక పద్ధతులు, లయ లేని ఎగుడుదిగుళ్లను కూడా లయగా చూపించగలవు. వాదన ఇంకా తేలలేదు. నా మట్టుకు నేను థీటాను కొట్టిపారేయను, నెత్తికెత్తుకోను కూడా.

నిన్ను నిజంగా హెచ్చరించాల్సింది గామా విషయంలో. బొమ్మ చూపాక 200, 300 మిల్లీసెకన్ల మధ్య, సెకనుకు 30కి పైబడిన ఈ గామా చురుకు ఈఈజీలో ఎగసేది. మెదడు ముక్కలన్నీ కలిపి వస్తువును గుర్తించే క్షణం అదేనని ఎన్నో పరిశోధన పత్రాలు వచ్చాయి. కానీ చూపు నిలిపి ఉంచామనుకున్నప్పుడు కూడా కన్ను సెకనుకు ఒకటి రెండుసార్లు అతి చిన్నగా దూకుతుంది. వాటిని మైక్రోసక్కేడ్లంటారు. బొమ్మ రాగానే అవి కాసేపు ఆగి, తర్వాత ఒక్కసారిగా ఎక్కువవుతాయి. ఎప్పుడో తెలుసా? సరిగ్గా ఆ 200, 300 మిల్లీసెకన్ల ప్రాంతంలోనే! ప్రతి దూకుకూ కంటి కండరాల నుంచి ఒక చిన్న విద్యుత్ మొన లేస్తుంది. 2008లో జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయంలో యువల్-గ్రీన్‌బర్గ్, డెయువెల్, వాళ్ల సహచరులు కంటి కదలికలను కూడా పక్కనే నమోదు చేసి చూశారు. మెదడుదనుకున్న ఆ ఎగసిన చురుకులో చాలాభాగం కంటిది. సగటు తీస్తే తప్పులు పోతాయని మనకు ఒక ధీమా ఉంటుంది. ప్రతిసారీ అదే వేళకు వచ్చే తప్పు సగటులో పోదు, ఇంకా బలపడుతుంది. మెదడు లోపల పెట్టిన ఎలక్ట్రోడ్లకు దొరికిన గామా సంగతి వేరు, దాన్ని ఈ లెక్కలో వేయకు.

పైగా ఈ చిన్న దూకులు ధ్యాస ఉన్న వైపే మొగ్గుతాయని 2002లో హాఫెద్, క్లార్క్ చూపారు. అంటే నువ్వు ఎడమ ధ్యాస, కుడి ధ్యాస అని పోల్చే ప్రతిచోటా కన్ను కూడా రెండు రకాలుగా కదిలి ఉండవచ్చు.

అందుకని మీ గైడును అడుగు, ఐ ట్రాకర్ కంటి కదలికలను సెకనుకు ఎన్నిసార్లు నమోదు చేస్తుందని. 60 అయితే ఒక నమోదుకూ ఇంకోదానికీ మధ్య దాదాపు 17 మిల్లీసెకన్లు పోతాయి, మైక్రోసక్కేడ్ మొత్తం పాతిక మిల్లీసెకన్లలో ముగిసిపోతుంది. 500 గానీ 1000 గానీ ఉన్నది దొరికితే, ప్రయోగం రెండు వారాలు వెనక్కి జరిగినా సరే, దానికోసం ఆగు.

నీ
పెదనాన్న